వార్నిష్ పూసిన అనపకాయలు

ఒక తోట ఎవరిదని తేల్చవలసి వస్తే మీరు పత్రంలో పేరున్నవారిని చూపిస్తారా, ఏటేటా దాని విత్తనం దాచినవారినా? బెంగళూరు శివారు కొండమీది కళాకారుల నివాసం నుంచి నిన్న ఆహ్వాన పత్రిక వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. దాని అట్టమీద అచ్చయిన నీలిరంగు తీగ మా అవ్వది.

ఆ కొండ ఒకప్పుడు రాగులు, అనపలు పండిన చేను. అనంతపురం వైపు నుంచి కూలికి వచ్చిన అవ్వ అక్కడి రాతికట్టల మధ్యే సగం జీవితం గడిపింది. యజమానులు పశువుల కొట్టాన్ని చిత్రశాలగా, కళ్లాన్ని పూలతోటగా మార్చినప్పుడు కూడా ఒక గోడవార మాత్రం ఆమె అనపపాదులకు మిగిలింది. కోతల్లో చివరి పాదును ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. తీగమీదే ఎండనిచ్చి, గింజలను బూడిదతో కలిపి కుండలో దాచి, మరుసటి వానలకు విత్తేది. ఆ కాయలు వలిస్తే వేళ్లకు అంటుకుని సాయంత్రం దాకా వదలని ఘాటైన వాసనను కన్నడిగులు సొగడు అంటారు.

డిగ్రీ ముగిశాక నా తొలి ఉద్యోగం అక్కడే, తోట పర్యవేక్షణ. కాలేజీ వాదపోటీల్లో గెలిచిన గర్వం ఇంకా దిగని రోజులవి. అవ్వ మా పిన్ని కాన్పుకని వర్తూరు వెళ్లిన వారంలో ఒక చిత్రకారిణి ఆ ఎండుతీగను ప్రదర్శనకు అడిగితే, ఎండినదానికి ప్రాణం పోయడమే కళ అని నేనే వాదించి మరీ కోయించి ఇచ్చాను. ఆమె దాన్ని కాయలతో సహా నీలిరంగులో ఉడికించి, వార్నిష్ పూసి, చిత్రశాలలో వేలాడదీసింది.

ప్రదర్శననాడు అవ్వ తిరిగి వచ్చింది. చిత్రకారిణి ఆప్యాయంగా, "ఎట్లుంది అవ్వా?" అని అడిగింది.

"శానా బాగుండాదమ్మా. ఇంగ మొలకెత్తమను."

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు, నా వైపు తిరిగింది. "కాలేజీలో అంత మాట్లాడేది నేర్చుకుంటివే, నన్నొక మాట అడిగేకి నోరు రాలేదా?"

నేనే ఆ తీగను దింపి అవ్వ చేతికిచ్చాను. ఆమె ఆ కాయలు వలిచి గింజలు విత్తింది, ఒక్కటీ మొలవలేదు. సంతలో కొన్న విత్తనం మొలిచింది గాని సొగడు రాలేదు. ఇప్పుడా గోడవార గులాబీలు. ఊళ్లో వలిచిన అనపగింజలు పొట్లాల్లో దొరుకుతున్నాయి, ఎవరి వేళ్లకూ ఏ వాసనా అంటదు. మోకాళ్లు కొండ ఎక్కనివ్వని అవ్వ, కుందలహళ్ళిలో మా అద్దె ఇంటి మిద్దెమీద ఒక తొట్టిలో మన్ను నింపి, ఏమీ విత్తకుండా ఉంచుకుంది.

కొండమీద పని మాని బొమ్మనహళ్ళి బట్టల కార్ఖానాలకు వెళ్లిపోయినవారి ఒడిలో అవ్వ దోసెడు విత్తనం పోసి పంపేది. మీలో ఎవరి ఇంట్లోనైనా, తెల్లని కన్ను పక్కన నల్లచార ఉన్న ఆ గింజలు మిగిలి ఉంటే, వానలు పడకముందే పిడికెడు తెచ్చి ఆమె చేతిలో పెట్టండి.