విమానం దిగి వచ్చే పాలు

మా బిడ్డ విమానంలో పని చేస్తుందంటే మా ఊళ్లో ఇప్పటికీ ఒకరిద్దరు ఆమే దాన్ని నడుపుతుందనుకుంటారు. నేను దిద్దను. నడపకపోతేనేం, ఎక్కినవాళ్లకు నడుము పట్టీలు కట్టించేది, చంటిపిల్లల తల్లులకు వేడినీళ్లు తెచ్చిచ్చేది, భయపడ్డవాళ్ల పక్కన నిలబడేది ఆమే కదా. అట్లాంటిదానికి సొంత పిల్లకు పాలివ్వడం ఎట్లా అన్నదే ఒక ఏడాది పెద్ద దిగులై కూచుంది. ఆ ఏడాది గుర్తొచ్చినప్పుడల్లా కురుమూర్తి స్వామికి మనసులోనే దండం పెట్టుకుంటాను.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. గొర్రెలు, కాస్త చెల్క భూమి. నేను బడికి పోలేదు. గొర్రెలు దొడ్డికి చేరాక మా బాపు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. అవి ఎప్పటికో పాలసీసాల మీద వేళ రాయడానికి పనికొస్తాయని ఆయన అనుకొని ఉండడు.

కాన్పు సెలవు అయిపోయి మా బిడ్డ మళ్లీ పనిలో చేరినప్పుడు శంషాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. అల్లుడు జడ్చర్లలో మందుల కంపెనీలో పనివాడు, సెలవు దొరికిన రోజున వచ్చేవాడు. మా ఇంటాయన గొర్రెల దగ్గర ఉండిపోయాడు. మనుమరాలిని చూసుకోవడానికి నేను వచ్చాను. బిడ్డ పొద్దున్నే చిన్న మిషనుతో పాలు తీసి సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి పోయేది. ఏ సీసా ఏ వేళకు తీసిందో నేను కాగితం ముక్క మీద రాసి అంటించేదాన్ని. మొదటిరోజు చూస్తే పైన మీగడలాగా ఒక వరస, కింద నీళ్లలాగా ఒక వరస. విరిగిపోయాయనుకుని గాబరాగా ఫోన్ చేశాను.

"గవి గట్లనే ఉంటయమ్మా. జర మెల్లగ తిప్పు, కలుస్తయి. మరగపెట్టకు మల్ల!"

నన్ను ఎరిగిన పిల్ల. మా ఇంట్లో గొర్రెపాలైనా ఆవుపాలైనా పొయ్యి ఎక్కకుండా గిన్నెలో పడవు.

ఇంట్లో సంగతి కుదిరింది. ఆకాశంలో సంగతే కుదరలేదు. ఒకే రోజు ఈ ఊరికీ ఆ ఊరికీ వరసగా విమానాలు. దిగిన చోట జనం దిగీ దిగకముందే కొత్త జనం ఎక్కుతారు. పాలు తీసుకోవడానికి విమానంలోని బాత్రూమ్ తప్ప జాగా లేదు. అందులో నిలబడితే చేయి చాపలేరట. మిషను పెట్టుకోగానే విమానం ఊగుతుంది, బెల్టు గంట మోగుతుంది, బయట ఎవరో తలుపు తడతారు. సాటి పిల్ల చాయబండి అడ్డం పెట్టి ఆపేదట. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

తీసిన పాలు ఐసు సంచిలో పెట్టుకొని బయటికి వస్తుంటే తనిఖీవాళ్లు ఆపేవారు. ఒకరోజు బిడ్డ వచ్చి నవ్వుతూ చెప్పింది.

"'పాలు సరే, పాప ఏది?' అని అడుగుతాండమ్మా. పాప ఇంట్ల ఉంది సారు, అందుకే పాలు సీసల ఉన్నయ్ అన్న."

"ఏమన్నడు?"

"కొద్దిసేపు నన్ను చూసిండు, కొద్దిసేపు సీసను చూసిండు. పో అన్నడు."

నవ్వింది కానీ, రాత్రికి వేరే ఊళ్లో నిలిచిపోయే రోజుల్లో ఆ నవ్వు ఉండేది కాదు. హోటల్లో ఐసు కరిగి పాలు చెడిపోయేవి. చనుబాలు కాళ్ల కింద పడొద్దని, చెట్టు మొదట్లో పోయాలని మాలో పట్టింపు. ఒకసారి తిరిగొచ్చి సంచి ఖాళీగా నా చేతికిచ్చింది. "హోటల్ వరండల ఒక కుండీ చెట్టు ఉండె. దానికే పోసిన" అని గోడకు తిరిగి పడుకుంది. పిల్ల ఇక్కడ పాల కోసం తడుముకుంటుంటే పాలు ఏదో ఊరి చెట్టుకు పోయాయి. ఆ చెట్టైనా పచ్చగా ఉండనీ అనుకున్నాను, ఏమనుకోవాలో తెలియక.

మరోసారి అట్లాగే నిలిచిపోయి వచ్చిన రోజు ఒళ్లు కాలిపోతూ ఉంది. వేళకు తీయక రొమ్ములో పాలు గడ్డకట్టాయి. దవాఖానలో డాక్టరమ్మ మందు రాసి, వేళ తప్పించొద్దని చెప్పింది. ఆ వేళ మా చేతిలో ఉంటే కదా. జ్వరం తగ్గాక మా బిడ్డ తేల్చి చెప్పింది.

"ఇగ మాన్పిద్దామమ్మా. బాపును వేపాకు పట్టుకరమ్మను."

"నౌకరి ఇడిసిపెడితెనో?"

"ఇడిసిపెడితె మల్ల ఎవరు తీస్కుంటరు? గీ నౌకరికి ఎంత కష్టపడ్డనో నీకెర్కలేదా?"

ఎరుకే. అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో తనతో తనే మాట్లాడుకున్న పిల్ల అది. మనుమరాలికి ఇంకా పాలు కావాలి, తల్లికి పని కావాలి. రెండింట్లో ఒకటి పోవాల్సిందేనని ఇద్దరం నమ్మేశాం.

శంషాబాద్‌లో వేపచెట్లు లేక కాదు, దుమ్ము పట్టిన ఆకు పిల్ల నోట్లోకి పోవద్దని మా ఇంటాయన మా పెరటి కొమ్మలే తువాలలో కట్టుకొని బస్సెక్కి వచ్చాడు. మూట నా ముందు పెట్టాడే కానీ ముఖం బాగాలేదు. మధ్యాహ్నం నేను ఆకు నూరాను. బిడ్డ ఆ ముద్ద రొమ్ముకు రాసుకొని పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఆయన గడపవైపు తిరిగి కూచున్నాడు.

పిల్ల నోరు పెట్టింది. ముఖం ముడుచుకుంది. ఒళ్లంతా ఒకసారి జలదరించింది. ఇక ఏడుస్తుందని నేను చేతులు చాపాను. ఏడవలేదు. తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, మళ్లీ నోరు పెట్టి గుటకలు వేయడం మొదలుపెట్టింది. ఆకుపచ్చని గడ్డంతో తాగుతూనే ఉంది.

అప్పుడు నాకు తట్టింది. పుట్టినప్పటి నుంచి రోజూ నీళ్లు పోశాక వస, కరక్కాయ సానరాయి మీద అరగదీసి దాని నాలుకకు రాసింది నేనే. నెలకోమారు వేపరసం చుక్క కూడా. ఏడుస్తుందని తల్లి చక్కెర కలపబోతే పడనిచ్చేదాన్ని కాదు.

ఆయన గడప దగ్గరి నుంచి వెనక్కి తిరిగి చూసి పకపకా నవ్వాడు. "నువ్వే నేర్పితివి గదనే! చేదు మరిగింది పోరి. ఇగ దీనికి ఏం రాసి మాన్పిస్తవు?"

నాకూ నవ్వొచ్చింది. మా బిడ్డ మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆయన లేచి దగ్గరికొచ్చాడు.

"బిడ్డా, మీ మేడంను అడిగినవా?"

"ఏమని బాపూ?"

"దూరం తోలకుండ్రి అని. ఈనిన గొర్రెను మనం గుట్ట అవతలికి తోల్తమా? మంద మందలెక్క పోతది. గది మాత్రం దొడ్డి కాన్నే మేస్తది, పిల్లకు అందేటట్టు. పిల్ల గడ్డి కొరికినంక మల్ల మందలనే కలుస్తది. దాన్ని అమ్ముకుంటమా ఏంది?"

"నేను గొర్రెనా బాపూ?"

"కాదు తల్లీ. గొర్రెకు చేసింది నీకెందుకు చెయ్యరు అంటున్న. అడిగితె గద తెలిసేది."

నిజానికి ఆమె అడగనే లేదు. అడిగితే చేతకానిదంటారని భయం. నేనూ అడగమని చెప్పలేదు. దేవుణ్ని రోజూ అడిగేదాన్ని కానీ, అడగాల్సిన మనిషి ఒకరు ఆఫీసులో ఉన్నారని తట్టలేదు.

తర్వాతి సెలవురోజున పిల్లతో సహా ముగ్గురం ఆ ఆఫీసుకు పోయాం. నేను బయట కుర్చీలో కూచున్నాను. తలుపు సగం తెరిచే ఉంది. వాళ్ల మేడం మాటలో కటువు లేదు, విసుగు మాత్రం ఉంది.

"ఇప్పటిదాంక ఎవ్వరు అడగలేదమ్మా. సెలవు అయినంక అందరు గట్లనే ఎగిరిన్రు."

"అందరు ఏడున్నరు మేడం? మా బ్యాచ్ల పిల్ల పుట్టినంక మిగిలింది నేనొక్కదాన్నే."

అంతలో నా ఒళ్లోది గట్టిగా ఏడుపు అందుకుంది. మేడం బయటికొచ్చి చూసింది.

"ఆకలా?"

"అవునమ్మా" అన్నాను.

"అయితె ముందు పాలియ్యుండ్రి. మల్ల మాట్లాడుకుందం" అని ఎవరినో పిలిచి పక్కనున్న చిన్న గది తీయించింది. దుప్పట్లు దొంతరలుగా పెట్టిన గది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల మా బిడ్డ పాలిచ్చింది. ఆ ఆఫీసులో ఆ గదిని ఎవరైనా అందుకు వాడడం అదే మొదలనుకుంటాను.

జవాబు వెంటనే రాలేదు. పైవాళ్లను అడగాలన్నారు. ఆ రోజుల్లో నేను దీపం పెట్టి కూచుంటే కోరిక నోట్లోంచి వచ్చేది కాదు, పిల్ల పేరు మాత్రమే వచ్చేది. ఒక సాయంత్రం బిడ్డ ఫోన్ చూస్తూ వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, వచ్చే నెల అన్నీ పోయొచ్చేటియే. ఏడ నిలిచేది లేదు. మధ్యల ఆ గది కూడ వాడుకోమన్నరు, లోపలికెల్లి గొళ్లెం పెట్టిచ్చిన్రట."

అంతా తేనె కాలేదు. "తల్లిగారికి ఇంటికాడి విమానాలు, మనకు ఏడనో దూరం నిలిచేటియి" అని తోటి పనివాళ్లు ఒకరిద్దరు దెప్పారు. మా బిడ్డ వాళ్ల మాటను తప్పుపట్టలేదు. సద్దుల బతుకమ్మ నాడు, దీపావళి నాడు వాళ్ల బదులు తనే పోయింది. మనుషులు తక్కువై ఒకసారి రాత్రి నిలవాల్సీ వచ్చింది. అయినా పిల్లకు పాలు అందాయి. సంచి నిండుగా ఇల్లు చేరేది, ఆ మూత తీసిన ప్రతిసారీ నేను సీసాను కళ్లకద్దుకునేదాన్ని.

నడక వచ్చాక పిల్ల పప్పన్నం మరిగింది. ఒకరోజు తల్లి ఒళ్లోకి తీసుకుంటే జారిపోయి బంతి వెంట ఉరికింది. మర్నాడూ అంతే. ఇక దూరం విమానాలకు పోతానని మా బిడ్డే మేడంకు చెప్పింది. ఆ సంగతి విని మా ఇంటాయన ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"ఏం బిడ్డా, వేపాకు తేవాల్నా?"

"వద్దు బాపూ, అమ్మ కాడ ఇంకా ఉంది" అంది.

నిజమే. ఆ రోజు నూరగా మిగిలిన రెబ్బలు పారేయబుద్ధి కాక, పురుగు పట్టకుండా బియ్యం డబ్బాలో వేశాను. ఎండి గలగలలాడుతున్నాయి. అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా ఒకటో రెండో చేతికి తగులుతాయి. ఏరి మళ్లీ డబ్బాలోనే వేస్తాను.