కలిపేటప్పుడు పోయిన ఆరు లైన్లు

హావెరా ఊరి చుట్టుపక్కల పాల ట్యాంకర్లు ఏ రోజు పాల కోసం ఏ రైతు డెయిరీకి వెళ్లాలో చెప్పే సాఫ్ట్‌వేర్ నైరీ పేవై చేతి మీదుగానే నడిచేది. ఆఫీసులో ఉన్నది ఐదుగురు. ఎవరికి వారు అసలు కోడ్‌కు నకలు తీసుకుని, బ్రాంచి అని పిలిచే ఆ నకలులో తమ పని చేసుకునేవారు. పని పూర్తయ్యాక దాన్ని మళ్లీ అసలులో కలపడం నైరీ బాధ్యత. పన్నెండేళ్లుగా ఆమెదే. ఇంకొకరు చదవనిదే ఏ బ్రాంచీ కలపకూడదని నియమం పెట్టిందీ ఆమే. ఆ విషయంలో యజమానురాలు గ్లెనిస్‌ను కూడా వదిలేది కాదు.

ఆ శుక్రవారం మూడున్నరకు మనవరాలి నెట్‌బాల్ మ్యాచ్. మూడు దాటింది. కలపాల్సినవి రెండు బ్రాంచీలు మిగిలాయి: ఒకటి తనది, ఒకటి టెవిటాది. టెవిటా తొమ్మిదేళ్లు పాల ట్యాంకర్ నడిపి, నడుము దెబ్బతిని, చదువుకుని ఈ పనిలోకి వచ్చినవాడు. ఇద్దరూ ఒకే చోట మార్పులు చేయడంతో ఎవరిది ఉంచాలని కంప్యూటర్ అడిగింది. నైరీ గడియారం చూసింది. తన రాత తనకు తెలుసు కదా అని తనదే ఉంచి, కలిపేసి, ఆ బ్రాంచీలు తుడిచేసి, కారు తాళాలు అందుకుంది.

దాంతో టెవిటా రాసిన ఆరు లైన్లు పోయాయి. మూసేసిన వంతెనకు అవతలున్న డెయిరీలకు ట్యాంకర్‌ను చుట్టుదారిలో పంపమని చెప్పే లైన్లవి. శనివారం ఆ డెయిరీల పేర్లు ఏ డ్రైవరు జాబితాలోనూ రాలేదు. ఆదివారం పొద్దుటికి హిక్‌ఫోర్డ్ అనే ముసలి రైతు పాల ట్యాంకు నిండిపోయింది. పొదుగులు బిగిసి ఆవులు అరుస్తుంటే, ఉన్న పాలన్నీ పేడనీళ్ల గుంటలోకి వదిలేశాడు.

సోమవారం గ్లెనిస్ అందరినీ కూర్చోబెట్టింది. "వంతెన పని ఎవరు చూశారు?"

"నేనే," అన్నాడు టెవిటా. "రాసినట్టే గుర్తు. కానీ అసలులో లేదు. పొద్దున్నే నా నకలు కూడా కొత్తది చేసేసుకున్నా, చూద్దామంటే పాతది లేదు. ఎక్కడో నేనే తీసేసుంటాను. తప్పు నాదే."

"ఇది స్టీరింగ్ కాదు బాబూ, కీబోర్డు," అని పక్క బల్ల దగ్గర పనిచేసే డెస్మండ్ నవ్వాడు.

నైరీకి అప్పుడే అర్థమైంది. కలిపిన చోటు విప్పి చూస్తే తప్ప ఆ లైన్లు ఎవరి చేతిలో పోయాయో కనిపించదు. అక్కడ చూడాలని తట్టేది తనకొక్కదానికే. అయినా టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది.

గురువారం టెవిటా ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు. "ఆంటీ, ఇకనుంచి నావి రెండుసార్లు చూసిపెడతారా? నా మీద నాకే నమ్మకం పోయింది."

ఆ మాటకు ఆమె తట్టుకోలేకపోయింది. కలిపిన చోటు విప్పి అతని ముందు పెట్టింది. "నీ లైన్లు ఇవిగో. తీసేసింది నేను. చదవలేదు. మ్యాచ్‌కి టైమైపోతోందని."

అతను ఆ ఆరు లైన్లూ చదివాడు. "సోమవారమే తెలుసా?"

"తెలుసు."

"హిక్‌ఫోర్డ్‌కి ఫోన్ చేసి తిట్లన్నీ తిన్నా. మా అమ్మ నిన్న చర్చిలో నాకోసం ప్రార్థన పెట్టించింది. మా టాంగా దీవుల వాళ్లంతా విన్నారు." గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదనుకుంది నైరీ.

ఆ సాయంత్రమే అందరి ముందూ ఒప్పుకుంది. హిక్‌ఫోర్డ్ ఇంటికీ వెళ్లింది. అతను గుమ్మం దాటి రానివ్వలేదు.

"పాలు పోతే పోయాయి. ఏళ్ల తరబడి నా గేటు దాకా ట్యాంకర్ తెచ్చిన మనిషిని నానా మాటలన్నాను. అవెట్లా వెనక్కి తీసుకోమంటావు?"



గ్లెనిస్ ఆమెను పనిలోంచి తీయలేదు. కలిపే బాధ్యత టెవిటాకు ఇమ్మని నైరీయే అడిగింది. మొదటి వారంలోనే అతను ఆమె బ్రాంచిని రెండుసార్లు తిప్పి పంపాడు. పక్కన ఒకే మాట రాశాడు: ఇంకొకరు చదవలేదు.

ఆదివారం ఆమె టాంగా వాళ్ల చర్చికి వెళ్లి, అనుమతి అడిగి లేచి నిలబడింది. తప్పు టెవిటాది కాదని, తనదని చెప్పింది. తర్వాత భోజనాల దగ్గర అతని తల్లి పళ్లెం నింపి, "కూర్చో చెల్లీ, తిని వెళ్దువు," అంది. టెవిటా తలూపి పలకరించాడు. కానీ తన పళ్లెం తీసుకుని ఇంకో బల్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నాడు.