మస్తాన్ వంతు రాకముందే

పదకొండేళ్లుగా ఒక నవ్వు నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వింది అందరూ. నవ్వించింది నేను.

తిరువూరులో షేర్ ఆటో నడుపుతాను. కోతలు కోయడంలో నాకు పేరుంది. పెనుగొలను దగ్గర వాగు పొంగితే ఆటోను పడవలా దాటించానని చెబితే నమ్మినవాళ్లున్నారు.

మా స్టాండులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా తేల్చుకోవాలంటే టీ కొట్టు బెంచీల మీద కూర్చుంటాం. కూర్చున్న వరసలోనే ఒక్కొక్కరం మాట్లాడతాం. అందరి మాటా అయ్యేదాకా ఏదీ తేల్చకూడదు.

ఆ రోజు తేల్చాల్సింది మాతోపాటే ఆటో తోలే మస్తాన్ సంగతి. కంటి ఆపరేషన్ అయ్యాక అతన్ని మళ్లీ విస్సన్నపేట లైన్లోకి రానివ్వాలా, వద్దా? ప్రయాణికుల ప్రాణాలు చూడాలన్నారు కొందరు. అతనికి వేరే పని రాదు కదా అన్నారు కొందరు. రెండూ నిజమే. అందుకే మధ్యమధ్య ఎవరూ మాట్లాడలేదు, ఆలోచిస్తున్నారు. ఆ మౌనం నాకు పడలేదు. మౌనమేనా? లేక అంతసేపు నావైపు ఎవరూ చూడకపోవడమా?

చివరి వంతు మస్తాన్‌ది. దానికి ముందుది నాది.

"మొన్న మార్కెట్ దగ్గర మనోడు నా పక్కనే ఆటో ఆపాడ్రా," అన్నాను మీసం దువ్వుకుంటూ. "'రా అక్కా, ఆడాళ్ల పక్కన సర్దుకో' అన్నాడు!"

బెంచీలు ఊగిపోయాయి. "ఇంకేం తోలతాడ్రా బాబూ!" అంటూ మా లీడరు కళ్లు తుడుచుకుని లేచాడు. నవ్వుతూనే వద్దనేశారు.

మస్తాన్ చొక్కా జేబులోంచి డాక్టరు కాగితం సగం తీసి, అలాగే ఉండిపోయాడు.

"నేనెప్పుడన్నాను అన్నా అట్లా?"

"ఊరికే అన్నాన్లేరా."

అతనికొక్కడికే వినబడేలా అన్నాను. కాస్త గట్టిగా అని ఉంటే వాళ్లు మళ్లీ కూర్చునేవాళ్లు.

ఆ కాగితంలో ఏముందో నాకిప్పటికీ తెలియదు. కళ్లు బాగాలేవనే ఉందేమో. ఉంటే మాత్రం నా తప్పు తగ్గుతుందా? వద్దనే హక్కు వాళ్లకుంది, అతని మాట విన్నాక. తలలు పట్టుకుని మెల్లగా ఒక దారికి వస్తున్న మనుషుల్ని నేను మెడ పట్టి తిప్పేశాను. దాన్ని ఒప్పించడం అనుకుని, ఆ సాయంత్రమంతా గర్వంగా తిరిగాను కూడా.

మస్తాన్ ఆటో అమ్మేసి, కుటుంబంతో ఊరు విడిచాడు. ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు.

పోయినేడు స్టాండులో అందరి ముందూ అదంతా నేను అల్లిందేనని చెప్పాను. పగలబడి నవ్వారు. ఇదీ నా కొత్త కథే అనుకున్నారు. అప్పటినుంచి టీ గ్లాసు పట్టుకుని దూరంగా నిలబడుతున్నాను.

మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మస్తాన్ నా పక్కన ఆటో ఆపలేదు. ఆ రోజు నేనసలు మార్కెట్ వైపే వెళ్లలేదు.