మనోడి జవాబు

మా ఇంట్లో ఇంగ్లీషు నా ఒక్కదానికే వచ్చు. ఇద్దరినీ ఇంగ్లీషు మీడియంలో చదివించే స్తోమత లేక నాన్న నన్ను ఆబిడ్స్‌లోని మిషన్ బడికి, అన్నను నాంపల్లిలోని సర్కారు బడికి పంపాడు. పదో తరగతి తప్పాక అన్న బేగం బజార్‌లో ఒక మసాలా దినుసుల దుకాణంలో కుదిరాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను ఇంటర్‌లో ఉండగా, ఎవరో వాడి పడేసిన కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చాడు. దాని మీద ఆటలాడేది అన్న, చదివి చెప్పేది నేను.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల పక్కన, అట్టల్లేని సీడీలు కనిపించేవి. ఒక ఆట మాకు అలాగే దొరికింది. యుద్ధం నుంచి ఊరికి తిరిగొచ్చిన ఒక సిపాయి కథ. తుపాకులు తక్కువ, మాటలెక్కువ. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పడగానే అన్న మౌస్ ఆపి "మనోడు ఏమంటున్నడు?" అనేవాడు. సిపాయికి ఏదో పేరుంది గానీ మా ఇంట్లో మనోడే. మనోడు పది వాక్యాలు మాట్లాడితే నేను రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని.

"గంత మాట్లాడితే గింతేనా?" అని అన్న గొణిగేవాడు.

మనోడి తిట్లు మింగేసేదాన్ని. మనోడు ఎవరినైనా బెదిరిస్తే, బతిమాలుతున్నాడని చెప్పేదాన్ని. అన్న అంత ముచ్చటపడే మనిషి చెడ్డవాడు కావడం నాకు నచ్చేది కాదు.

ఆ వానాకాలంలో ఒక ఆదివారం, నెలలో మొదటిది, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచారు. అన్న లేవలేదు. మనసులో తప్పు పెట్టుకుని వాటిని ముట్టుకోకూడదని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. అమ్మ జ్వరమేమో అనుకుంది. ఇంటికొచ్చాక నేను నిలదీశాను.

దుకాణంలో ఏలకుల బస్తా మాయమైందట. సేటు ముసలి హమాలీ మీద నేరం మోపి, అందరి ముందూ చెంప మీద కొట్టి వెళ్ళగొట్టాడట. ఆ బస్తాను ఆటోలో ఎక్కించింది సేటు బామ్మర్ది. అన్న కళ్ళారా చూశాడు.

"చెప్తే నా నౌకరీ పోతుండె. ముసలాయన నా దిక్కే చూసిండు చెల్లె. నేను పొట్లాలు కట్టుకుంట కూసున్న."

ఆ వారమంతా అన్న తినడం తగ్గించేశాడు.

మరుసటి ఆదివారం ఆట ముందు కూర్చున్నాం. ధాన్యపు కొట్టు తగలబెట్టాడని మనోడి స్నేహితుణ్ణి ఉరితీశారని మాకు అప్పటికే తెలుసు. అసలు దోషిని పట్టుకోవడానికే మనోడు తిరుగుతున్నాడని అనుకున్నాం. ఆ రోజు స్నేహితుడి తల్లి గడపలో నిలబడి అడిగింది, నా కొడుకు ఆ పని చేయలేదని నీకు అప్పుడే తెలుసా అని. తెర మీద మనోడి జవాబు పడింది: తెలుసు, తగలబెట్టింది మా అధికారి, నోరు తెరిస్తే నన్నూ ఉరితీస్తారని ఊరుకున్నాను.

అన్న మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "మనోడు ఏమంటున్నడు?"

"తనకు తెల్వదంటున్నడు. తెలిసేసరికే ఉరి తీసిన్రట."

"సక్కగ చదువు."

"గదే ఉంది."

"అయితే వాడు మంచోడే. నేనైతే తెలిసే ఊకున్న" అన్నాడు అన్న.

అప్పటికి గానీ నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. తనలాంటివాడు ఇంకొకడు ఉన్నాడేమోనని అన్న ఆశపడ్డాడు. ఉన్నాడు కూడా. నేనే లేకుండా చేశాను. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. నోరు తెరిస్తే అబద్ధం బయటపడుతుందని ఊరుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ పిరికితనం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. అన్న కంప్యూటర్ ఆర్పేశాడు. ఆ ఆట మళ్ళీ పెట్టలేదు.

తర్వాతి నెల మొదటి ఆదివారం చర్చిలో మళ్ళీ అందరూ లేచారు. అన్న తల వంచుకుని బెంచీ మీదే ఉండిపోయాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. అన్న మోకాలితో నన్ను తట్టాడు.

"నువ్వు పో చెల్లె. నువ్వేం చేసినవ్?"

వెళ్ళాను. మోకరించి, రొట్టె కోసం రెండు చేతులూ చాపాను.