చిన్నమ్మ మీద పూల కేసు

మొన్న ఆదివారం మా మేనకోడలు వచ్చి, కాఫీ ముట్టకుండానే చేతిలోని ఫోను నా ముందు పెట్టింది. ఆమెది సర్కారు కొలువు. ఆఫీసు కొనుగోళ్లలో ఏదో సరిగా లేదని కొన్నాళ్ల క్రితం పైవాళ్లకు ఫిర్యాదు చేసిందట. ఇప్పుడు ఆమెకే మెమో వచ్చింది, ఆలస్యంగా వస్తున్నావనీ, అధికారి మాట లెక్కచేయడం లేదనీ. నోరు విప్పినందుకే ఇలా కక్ష తీర్చుకుంటున్నారని మళ్లీ ఒక ఫిర్యాదు పెట్టుకుంటే, దానికి ఒక నంబరు ఇచ్చి ఊరుకున్నారు. ‘నీకు ఇట్లాంటివి తెలుసు కదా మామా, చదివి చెప్పు’ అంది. చదివాను గానీ, చదువుతున్నంతసేపూ నా మనసు మా చిన్నమ్మ దగ్గరే ఉంది. మెమో అంటే ఏమిటో, సర్కారు కొలువు చేసిన నా వయసువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

చిన్నమ్మ అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు. చిన్నాయన ఈ బెంగళూరులోనే ఒక సర్కారు నర్సరీలో తోటపని చేస్తూ ఉన్నట్టుండి పోతే, ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు, నర్సరీ వెనకాల ఉన్న రెండు గదుల ఇల్లు కూడా ఆమెకే ఉంచారు. పిల్లలు లేరు. ఆ కొలువు, ఆ గదులు, పొద్దున లేచి చూసుకోవడానికి నారుమళ్లు, అంతే ఆమె సంసారం. నేను అప్పుడు మరో శాఖలో చిన్న గుమాస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయిన బాధ ఒకటి నన్ను ఎప్పుడూ తొలిచేది. అందుకని ఆఫీసు కాగానే మా పేట గ్రంథాలయానికి పోయి, కిటికీ పక్క బల్ల మీద నక్షత్రాల గురించో, పశువుల జబ్బుల గురించో, రాజుల గురించో, ఏ పుస్తకం చేతికి తగిలితే అది చదివేవాణ్ణి. ఏ పరీక్షకు చదువుతున్నావని అక్కడి పెద్దాయన అడిగితే ఏ పరీక్షకూ కాదని చెప్పడానికి సిగ్గుగానూ ఉండేది, లోపల కొంచెం గర్వంగానూ ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు చిన్నమ్మ ఇంట్లో ఇంత రాగిముద్ద తిని, ఆ రోజు చదివినదంతా ఆమెకు చెప్పేవాణ్ణి. ఆమెకు అక్షరాలు అంతంతమాత్రం, వినడం మాత్రం బాగా వచ్చు.

ఆ నర్సరీలో ఒక పద్ధతి ఉండేది. కొత్తరకం కనకాంబరాలు పెంచి చూసే మడులు అక్కడ ఉండేవి, బజారులో ఎక్కడా దొరకని ముదురు ఎరుపు. విచ్చిన పూలను కోయకుండా వదిలితే కంకి ఎండిపోతుంది కాబట్టి కోయక తప్పదు. కోసినవాటిలో కొన్ని అధికారి బల్ల మీదికి పోయేవి, మిగిలినవి ఆ మడికి నీళ్లు పెట్టిన ఆడవాళ్లవి. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ చెట్టు నీడన కూర్చుని, అరటినారతో మాలలు కట్టుకుంటూ అత్తల మీదా మొగుళ్ల మీదా చెప్పుకునేవారు. ఎప్పుడో పాత అధికారి కాలంలో మొదలైన ఈ పద్ధతికి కాగితం లేదు, అభ్యంతరమూ లేదు. చిన్నమ్మ పూలు పెట్టుకునేది కాదు. తన వంతు చిన్నాయన పటానికి వేసేది.

ఆ తర్వాత ఒక కొత్త అధికారి వచ్చాడు. ఆయన వచ్చిన కొద్దికాలానికే, నారుమళ్ల కోసం వచ్చిన ఎర్రమన్నూ ఎరువూ లారీల్లో ఎక్కడికో పోవడం మొదలైంది. ఆయన బావమరిది పెట్టిన సొంత నర్సరీకి పోతున్నాయని తోటలో అందరికీ తెలుసు. మన్ను చాలక నారు పాలిపోతుంటే చిన్నమ్మ ఓర్వలేకపోయింది. నా చేత పెద్ద ఆఫీసుకు ఒక ఫిర్యాదు రాయించి, కింద వంకర అక్షరాలతో సంతకం పెట్టింది. ఏమి జరగవచ్చో నేను చెప్పకపోలేదు. ‘పేరు లేకుండా రాస్తే అది చాడీ అయిపోతాది, పేరు పెట్టు’ అంది.

ముందు ఆమెను నారుమళ్ల దగ్గర నుంచి తీసేసి పంపుసెట్టు దగ్గర వేశారు. మా అమ్మకు జబ్బు చేస్తే సెలవు ఇవ్వలేదు. ఆ తర్వాత మెమో వచ్చింది, ప్రభుత్వ ఆస్తి అయిన పుష్పాలను అపహరించినదని. వెంటనే సస్పెన్షను. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో ఆ రెండు గదులూ పోతాయి. దొంగతనం అన్న మాట నేను చదివి వినిపించినప్పుడు ఆమె ఏడవలేదు. లోపలికి పోయి చిన్నాయన పటం మీది మాల తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. అది చూసిన నాకే ఏడుపు వచ్చింది.

మన్ను సంగతి చెప్పినందుకే ఈ పూల నేరం అంటగట్టారని మరో ఫిర్యాదు రాసి రిజిస్టరు పోస్టులో పంపాము. ముట్టినట్టు కార్డు వచ్చింది గానీ జవాబు రాలేదు. ఈలోగా అధికారి మనిషి చేత కబురు పంపాడు, మన్ను గురించి రాసింది అబద్ధమని ఒక్క ముక్క రాసిస్తే మెమో వెనక్కి తీసుకుంటానని. చుట్టాలందరూ రాసిచ్చేయమన్నారు. నా ధైర్యమూ సన్నగిల్లి, రాసిస్తే పోతుందేమో అన్నాను.

‘మన్ను పోయింది నిజం కదప్పా. పోలేదని ఎట్ల రాసిచ్చేది?’ అంది చిన్నమ్మ. ‘పూలు తీసుకుంటివా అని అడిగితే తీసుకుంటిని అంటాను. దానికి ఏం శిక్ష ఉండాదో వేసుకోనీ.’

ఇక నేను గ్రంథాలయంలో నక్షత్రాలు మాని, పై అలమరలో దుమ్ము పట్టిన సర్వీసు నిబంధనల పుస్తకం దించుకున్నాను. ఆరోపణకు గురైన ఉద్యోగి తన సాయానికి మరో సర్కారు ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చని అందులో కనిపించిన సాయంత్రం నేను బస్సు కోసం కూడా ఆగలేదు, నడిచే వచ్చేశాను. ఆ తర్వాత వారాల తరబడి, సాక్షులను అడగడానికి ప్రశ్నలు రాసుకుని, బరువైన మాటలన్నీ ఏరి పెట్టుకున్నాను.

విచారణ జరపడానికి వేరే శాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. జలుబుతో మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. నర్సరీ నుంచి ముగ్గురు ఆడవాళ్లు సాక్ష్యానికి వచ్చారు, రోజూ చిన్నమ్మతో కలిసి అన్నం తిన్నవాళ్లే. ఏమి చెప్పాలో వాళ్లకు అధికారి ముందే నేర్పి పంపాడు. మొదటి ఆమె వచ్చి, చిన్నమ్మ వైపు చూడకుండా, అప్పజెప్పినట్టు కన్నడంలో చెప్పేసింది. ఆ తోటలో ఎవరూ పువ్వు ముట్టరు, ముట్టకూడదని అందరికీ తెలుసు, ఈమె ఒక్కతే తీసుకుపోతుంది అని.

పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ‘మరి నీ తలలో ఉన్నవి ఏమమ్మా?’ అన్నాడు.

ముగ్గురూ పొద్దున తోటలో పని చూసుకుని నేరుగా విచారణకు వచ్చినవాళ్లు. రోజూ పెట్టుకున్నట్టే పెట్టుకుని వచ్చారు. బజారులో దొరకని ఆ ముదురు ఎరుపు ఆమె జడ నిండా ఉంది. ఆమె చెయ్యి తలకు పోయింది. కంగారులో కన్నడం పోయి మన తెలుగు వచ్చింది.

‘అయ్యో, ఇదా సార్? ఇది దినామూ పెట్టుకునేదే!’

రాసుకుంటున్న గుమాస్తా ఫక్కున నవ్వాడు. పెద్దాయనకు నవ్వుతోపాటు దగ్గు వచ్చింది. ఆమె మాత్రం భయంతో మాలను పట్టుకుని పీకబోయింది. అప్పుడు చిన్నమ్మ, ముద్దాయి కుర్చీలో కూర్చున్న మా చిన్నమ్మ, చటుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

‘లాగొద్దే, వెంట్రుకలు వస్తాయి. ఉండనీ. ఎవురూ నిన్నేమీ అనరు.’

ఆ మాటకు ఆమె అక్కడే కూలబడి భోరున ఏడ్చి, అట్లా చెప్పమన్నారనీ, చెప్పకపోతే తన పని కూడా పోతుందన్నారనీ, అందరమూ తీసుకుంటామనీ ఒప్పేసుకుంది. నేను రాసుకున్న ప్రశ్నల కాగితం మడత కూడా విప్పలేదు. అయినా నా చదువు వృథా అయిందని నాకు ఒక్కనాడూ అనిపించలేదు. ఆ గదిలో చిన్నమ్మ పక్క కుర్చీ ఖాళీగా లేకుండా చేసింది ఆ చదువే కదా.

మన్ను మాట కూడా అడగండి సార్ అని చిన్నమ్మ చేతులు జోడించింది. అది తన విచారణ పరిధిలో లేదని ఆయన మెల్లగా, నిజంగా బాధపడుతున్నట్టే చెప్పాడు.

దొంగతనం రుజువు కాలేదని ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం నిలిచింది. దాని వెనకే, పరిపాలన కారణాల వల్ల అంటూ, ఆనేకల్ దాటిన తర్వాత ఉన్న ఒక చిన్న నర్సరీకి బదిలీ ఉత్తర్వూ వచ్చింది. ఆ రెండు గదులు ఖాళీ చేసే రోజు సామాను మోయడానికి ఆ ముగ్గురూ వచ్చారు. రిటైరయ్యేదాకా చిన్నమ్మ మా పేటలోనే ఒక అద్దె గదిలో ఉంటూ, చందాపుర మీదుగా బస్సులు మారుతూ పోయి వచ్చింది, అక్కడా నారుమళ్లు పచ్చగానే పెంచింది. నేను వెళ్లినప్పుడల్లా మాత్రం, అన్నం వడ్డిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగేది, ఆ మన్ను కాగితానికి జవాబు వచ్చిందా అప్పా అని. పూల మచ్చ పోయినందుకు ఆమెకు సంతోషమే. కానీ తాను చెప్పింది నిజమని ఎవరైనా ఒకరు రాసివ్వాలని ఆమె చివరిదాకా ఎదురుచూసింది. ఆ ఎదురుచూపుతోనే పోయింది.

మా మేనకోడలి మెమో మీద విచారణ ఫోనులోనే జరుగుతుందట, సాక్షులు తలా ఒక ఇంట్లో కూర్చుని, ముఖం మాత్రం చూపించి మాట్లాడతారట. చదువులు పెరిగాయి, హక్కులు పెరిగాయి, నిబంధనల కోసం దుమ్ము దులపనక్కరలేదు, అన్నీ వేలికొసన ఉన్నాయి. అవన్నీ మంచివే. కానీ ఎదురు సాక్ష్యం చెప్పే మనిషి చెయ్యి పట్టుకుని లాగొద్దే అనడానికి, ఆ మనిషి చేతికందేంత దగ్గరలో ఉండాలి కదా. రిటైరైనవాళ్లు కూడా సాయంగా ఉండవచ్చని తెలుసుకుని, ఆ రోజు నేను నీ పక్కనే కూర్చుంటానని మేనకోడలికి మాటిచ్చాను.

ఆ నర్సరీ ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నారు. జవాబు రాయవలసినవాళ్లెవరూ ఇప్పుడు ఆ కుర్చీల్లో లేరు, కొందరు ఈ లోకంలోనే లేరు. అందుకని ఇంత ఆలస్యంగా, ఏ అధికారమూ లేకపోయినా, నేనే రాస్తున్నాను. మన్ను పోయిన మాట నిజమే చిన్నమ్మా.