ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారట

ఇంట్లో ఎవరైనా దయ్యాల ఊసెత్తితే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. తాండూరు బడిలో ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, రుజువు లేని మాట నాకు ఎక్కదు. ఇప్పుడు అలాంటి మాటే నేను రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

ఎనభైల మొదట్లో మా ఆయనకు దొడ్డికి పోయినప్పుడల్లా నెత్తురు పడేది. ఆయన బండల పాలిష్ మిషన్ దగ్గర మేస్త్రీ. మొలలనుకుని ఏడాదిన్నర నాటుమందు మింగాడు. సిగ్గుపడి నాకు కూడా ఆలస్యంగానే చెప్పాడు.

చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. లైటున్న గొట్టం కింది నుంచి పంపి చూస్తే పెద్దపేగులో నిమ్మకాయంత పిలక కనబడింది. పాలిప్ అన్నారు. వదిలేస్తే క్యాన్సర్ కావచ్చన్నారు. పొట్ట కోయకుండా ఆ గొట్టంలోంచే తీగ ఉచ్చు వేసి, కరెంటుతో ముక్కలు ముక్కలుగా తీశారు. అప్పట్లో అది కొత్త పద్ధతి.

ఆయన లోపల ఉన్నంతసేపు వరండా బెంచీ మీద నా పక్కన బషీరాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలామె కూర్చుంది. పిన్ని వరసలో చాచీ అని పిలిచాను. ఆమెకూ అలాంటి పిలకే రెండేళ్ల కింద తీశారట. మళ్ళీ చూపించుకోవడానికి రమ్మంటే పోలేదు. అది తిరిగి పెరిగింది, ఇప్పుడు పొట్ట కోయాలన్నారు. ఆమె ఎడమచేతికి చిటికెనవేలు లేదు. ఆ చేత్తోనే నాకు సగం రొట్టె పెట్టి తినమంది.

మర్నాడు డాక్టర్ మా ఆయనతో మాట్లాడేటప్పుడు నేను మందుల కోసం కిందికి పోయాను. తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

"మొత్తం పోయిందట. మల్ల రావద్దన్నరు," అన్నాడు. నా కళ్లలోకి చూసే అన్నాడు. నేను సంతోషం పట్టలేక ఏడ్చాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం బడిలో ఆయమ్మ వచ్చి, నా కోసం ఎవరో వచ్చారంది. చూస్తే చాచీ. ఆయమ్మ ఇచ్చిన నీళ్లు తాగింది.

"మీ ఆయనకు ఆర్నెల్లకు మల్ల రమ్మన్నరు గద బేటీ. ఎందుకు తీస్కపోలే? వేరు మిగిలింది. నా లెక్క ఆలస్యం చేయకు," అంది.

గంట కొట్టారు. పిల్లల్ని లోపలికి పంపి ఇటు తిరిగేసరికి ఆమె లేదు.

సాయంత్రం ఆయన్ని అడిగాను. ముఖం మాడిపోయింది. "నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది. డాక్టర్ రాసిచ్చిన చిట్టీని వికారాబాద్ స్టేషన్లో, నేను చాయ్ కోసం దిగినప్పుడు, చింపి కిటికీలోంచి పారేశాడట.

"ఆ నర్సుల ముంగట మల్ల గట్ల పండుకోను. సస్తే సస్త," అన్నాడు.

ఎనిమిది నెలలుగా నేను మొక్కులు తీర్చుకుంటూ, చుట్టాలకు మిఠాయి పంచుతూ తిరుగుతుంటే ఆయన చూస్తూ ఊరుకున్నాడు. ఆ మిఠాయి తనూ తిన్నాడు.

బతిమాలలేదు. మర్నాడే లాక్కుపోయాను. తీసినచోటే పిలక మళ్ళీ చిన్నగా లేచింది. అదే గొట్టంతో తీసేశారు. క్యాన్సర్ లేదని తేలింది. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు డాక్టర్.

చాచీ ఎలా ఉందని సిస్టర్‌ను అడిగాను. మేం వెళ్లిన మర్నాడే ఆపరేషన్ అయిందని, నాలుగో రోజే పోయిందని చెప్పింది. అంటే మేం ఇల్లు చేరిన వారంలోనే. నమ్మలేక బషీరాబాద్ పోయాను. కొడుకు ఖబ్రస్తాన్‌కు తీసుకుపోయి సమాధి చూపించాడు. అమ్మకు అక్కాచెల్లెళ్లు లేరన్నాడు. మా ఆయమ్మను అడిగితే, నేను చెప్పకముందే, ఆ ముసలామెకు చిటికెనవేలు లేదంది.

ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఒక్క ముక్క నమ్మలేదు. నేను చాటుగా డాక్టర్‌ను కలిసి, పైకి కథ అల్లానని తేల్చేశాడు. తనను మోసం చేశానని నెలరోజులు నాతో మాట్లాడలేదు. మోసం చేసింది నేనట.

తర్వాత పద్నాలుగేళ్లు బతికి, గుండెజబ్బుతో పోయాడు. పోయే వారం ముందు నన్ను దగ్గరికి పిలిచాడు.

"గిప్పటికన్న నిజం చెప్పు. డాక్టర్‌ను ఎప్పుడు కలిసినవ్?"

కలవలేదన్నాను. నమ్మలేదు.

ఆమె ఎలా వచ్చిందో, ఆ మాట ఆమెకెవరు చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు ఆయనకు చెప్పేదాన్ని.