బొమ్మలు మా ఆవిడవని చెప్పాను

జగదల్‌పూర్‌లో మాది హార్డ్‌వేర్ దుకాణం. కింద షాపు, పైన ఇల్లు. వెనక గదిలో నా బొమ్మలుంటాయి. అన్నీ పాతవి, అన్నీ ఎక్కడో ఒకచోట దెబ్బతిన్నవి. పింగాణీ తలవి, కొయ్యవి, రంపప్పొట్టు ముద్దతో చేసినవి. పాత బంగ్లాలు ఖాళీ చేసినప్పుడు, ముసలి సేఠానీలు పోయాక పిల్లలు ఇళ్లు పంచుకున్నప్పుడు అవి పాత సామాన్ల కబాడీ కొట్టులోకి వచ్చి పడతాయి. కబాడీవాడు నాకు ఫోన్ చేసి, "సేఠ్, ఏక్ గుడియా ఆయీ హై" అని బొమ్మ వచ్చిన కబురు అందిస్తాడు, దొంగసరుకు సంగతి చెప్పినట్టు మెల్లగా. గొంతు తగ్గించమని వాడికి చెప్పింది నేనే.

యాభై దాటిన మగాణ్ని. పొద్దంతా పైపులు, గునపాలు, మేకులు అమ్ముకునేవాణ్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ గదిలో కూర్చుంటాను. ఊడిపోయిన చేతులకు లోపల్నుంచి కొత్త ఎలాస్టిక్ వేసి కొక్కేలకు తగిలిస్తాను. పగుళ్లలో చింతగింజల జిగురు, సుద్దపొడి కలిపి నింపి, ఆరాక నున్నగా రుద్ది రంగు వేస్తాను. బుగ్గ రంగు ఒక పట్టాన కుదరదు. కుదిరిననాడు ఆ సంతోషం మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. ఆమె గుమ్మం దగ్గర నిలబడి, "నయమయ్యిందా మీ పేషెంటుకు?" అని నవ్వేది. లోపలికి మాత్రం వచ్చేది కాదు. మాకు పిల్లల్లేరు. ఆ సంగతినీ ఈ బొమ్మలనీ మేమిద్దరం ఎన్నడూ ఒకే మాటలో తేలేదు.

పోయినేడు మా బజారు వర్తకులు కొందరు భార్యలతో కలిసి ఇంటికొచ్చారు. తమ సంఘానికి నన్ను పెద్దగా నిలబెట్టాలని. మాటల మధ్యలో ఒకామె బాత్‌రూమ్ అనుకుని వెనక గది తలుపు తీసి కెవ్వుమంది. అందరం లేచి వెళ్లాం. బల్లమీద జుట్టూ కళ్లూ లేని పింగాణీ తల. అరల్లో బట్టల్లేకుండా కూర్చున్న బొమ్మలు. బట్టల షాపాయన పగలబడి నవ్వాడు.

"ఏంది భయ్యా ఇది? ఎవరు ఆడుకుంటరు వీటితోని?"

నా చెవులు వేడెక్కాయి. మా ఆవిడ టీ ట్రే పట్టుకుని నా వెనకే ఉంది.

"మా ఆవిడవి," అన్నాను. "ఆమెకు అదొక పిచ్చి."

నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఏం అన్నానో నాకు అప్పుడు తెలిసింది.

మా ఆవిడ ట్రే కింద పెట్టి, "అవునండీ, నావే. పొద్దు పోవాలి కదా," అంది. ఒకామె వచ్చి ఆమె వీపు నిమిరింది. "పోనీలే అక్కా, మనసుకు ఏదో ఒకటి ఉండాల."

నన్ను సంఘానికి పెద్దను చేశారు. మాట ఊరంతా పాకింది. గుడిలో ఒకరు ఏదో మొక్కు చెప్పారు. కోంటా నుంచి మా చుట్టాలు ఫోన్ చేసి, ఈ వయసులోనైనా ఎవరినన్నా పెంచుకోమన్నారు. ఆమె అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. వేళకు అన్నం పెట్టింది, ఎప్పటిలాగే మాట్లాడింది. ఆ గది గుమ్మం దగ్గరికి రావడం మాత్రం మానేసింది. రేపు నిజం చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ నేను రోజులు గడిపాను.

అప్పుడు కిరండూల్ నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆంధ్ర వైపు మనిషి, కొడుకు గనిలో పనిచేస్తాడట. చేతిలో తువ్వాలు చుట్టిన మూట.

"ఇక్కడ ఒకమ్మ పాత బొమ్మలు బాగుచేస్తుందని విన్నాను బాబూ. మీ ఆవిడేనటగా?"

పైకి తీసుకెళ్లాను. పడుకోబెడితే కళ్లు మూసే బొమ్మ అది. ఒక కన్ను బిగుసుకుపోయింది. "మా అమ్మది. యుద్ధం రోజుల్లో రంగూన్ నుంచి నడిచి వచ్చేటప్పుడు ఇది ఒక్కటే చంకలో పెట్టుకొచ్చిందట," అంది.

మా ఆవిడ నా వైపు చూసి బొమ్మను అందుకుంది. "రెండ్రోజులు ఉంచి వెళ్లండమ్మా."

"వదిలి వెళ్లలేనమ్మా. నువ్వు చెయ్యి, పక్కన కూర్చుంటాను."

మా ఆవిడ నా బల్ల ముందు కూర్చుంది. ఏ పనిముట్టు తీయాలో తెలియక వాటిమీద చెయ్యి ఆడించింది. బొమ్మ జుట్టు పట్టుకుంది. అట్లాగే లాగితే చిరిగిపోతుంది. ఆ సంగతి ఆమెకూ అర్థమై ఆగింది. నన్ను పిలవలేదు. తల కూడా ఎత్తలేదు.

"ఇటివ్వు," అన్నాను. "అది నేను చేస్తాను. ఇక్కడున్నవన్నీ నావేనమ్మా. ఆమెవి కావు."

"మరి అందరూ ఈమె పేరు చెబుతున్నారేం?"

"నేనే చెప్పాను. నలుగురిలో సిగ్గేసి."

ముసలమ్మ మా ఆవిడ భుజం తట్టి, "నువ్వు లే తల్లీ," అంది.

జుట్టు అంటించిన జిగురు తడిపి, నెత్తిమీది కన్నం కనబడేలా దాన్ని మెల్లగా పైకి తీశాను. కళ్ల వెనక వేలాడే సీసపు గుండుకు పాత సున్నపు పెళ్ల అడ్డుపడింది. తీసేయగానే కన్ను కదిలింది. ముసలమ్మ బొమ్మను ఒళ్లో పడుకోబెట్టింది, లేపింది, మళ్లీ పడుకోబెట్టింది. ఆమె వెళ్లాక మా ఆవిణ్ని అడిగాను, ఆ రోజు నావే అని ఎందుకన్నావని.

"మీ మొహం చూసి," అంది. "ఏడుస్తారేమో అనిపించింది."

ఆ వారమే సంఘంలో అందరి ముందూ చెప్పేశాను. నవ్వారు. బట్టల షాపాయన "గుడియా సేఠ్" అని పేరు పెట్టాడు. టీలు తాగడం అయ్యేసరికి ఆ నవ్వు అయిపోయింది. అన్నాళ్లు నేను భయపడింది దానికే.

కానీ వాళ్ల ఆడవాళ్లు నమ్మలేదు. పెళ్లాం పరువు కాపాడడానికి పాపం మొగుడు తన మీద వేసుకున్నాడని అనుకున్నారు. ఇప్పటికీ ఇంటికొస్తే నా ఎదుటే ఆమెతో, "నీ అదృష్టం అక్కా, అట్లాంటి మనిషి దొరికిండు," అంటారు.

ఆమె అవునంటుంది. షాపులో ఏదో పని గుర్తొచ్చినట్టు నేను మెట్లు దిగిపోతాను.